ప్రతులకు: పలాస, టెక్కలి

తెలుగులో ఏ పుస్తకం తిరగేసినా రెండో పేజీలోనో వెనక అట్ట లోపలో "ప్రతులకు" అని ఒక మాట, దాని కింద రెండు మూడు చిరునామాలు కనిపిస్తాయి. ముస్లింవాద సాహిత్యం గురించి మూడు దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. ఎవరు రాయాలి, ఎవరి కోసం రాయాలి, ఇంట్లో మాట్లాడే ఉర్దూని తెలుగు వాక్యంలోకి ఎంతవరకు రానివ్వాలి, మౌల్వీని విమర్శిస్తే పరాయివాడి చేతికి కర్ర అందించినట్టవుతుందా - ఇవన్నీ వ్యాసాలయ్యాయి, సభలయ్యాయి, కొన్ని స్నేహాలు తెగడానికి కారణాలూ అయ్యాయి. ఆ "ప్రతులకు" కింద ఏ ఊళ్లు ఉన్నాయి, ఏ ఊళ్లు లేవు అన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. దాన్ని వ్యాపారం కింద జమకట్టి వదిలేశాం.

పుస్తకం ఏ ఊరి దుకాణంలో ఉందన్నది కూడా విమర్శ చూడాల్సిన సంగతే. ఒక సమాజం ఎవరి మాట వినడానికి సిద్ధపడిందో, ఎవరి మాట తన చెవిదాకా రాకుండా దారిలో ఆగిపోయిందో తెలుసుకోవాలంటే సమీక్షల కన్నా దుకాణం అరలు చూడడం మేలు. సమీక్ష మొహమాటానికైనా వస్తుంది. మొహమాటానికి అర ఖాళీ చేసే దుకాణదారుడు ఉండడు.

నేను ఇక్కడ చూడదలచింది శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగం. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం. ముస్లిం రచయితల సంకలనంలో ఈ ఊళ్ల ప్రసక్తి ఏమిటని అనుమానం రావచ్చు. 2011 జనాభా లెక్కల్లో ఈ జిల్లాలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా లేరు. అందుకే ఈ ఊళ్లు. మన పుస్తకం అవసరం ఎక్కడ ఎక్కువ అన్న లెక్కని మనవాళ్లు తక్కువగా ఉన్న చోటి నుంచి మొదలుపెట్టాలన్నది నా వాదన.

ముందు దుకాణం సంగతి. పలాస-కాశీబుగ్గలో గానీ టెక్కలిలో గానీ పుస్తకాల షాపు ఎక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. అక్కడ ఉండేవి నోటుబుక్కులు, బడి పుస్తకాలు, గైడ్లు, పెన్నులు, అట్టలు. కాస్త పెద్ద షాపయితే డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబులు, రైల్వే, ఆర్మీ పరీక్షల పుస్తకాలు. ఓ మూల పంచాంగం, సుందరకాండ, వ్రతకథలు. బస్సులు ఆగే చోట పేపర్ల కొట్టు, దాంట్లో దినపత్రికలతో పాటు భక్తి పత్రికలు. యజమాని తనకు నచ్చిన పుస్తకాలు ఏరి పెట్టుకుని, వచ్చినవాడి చేతిలో "ఇది చదవండి" అని పెట్టే దుకాణాలు పట్నాల్లో ఉంటాయి. ఈ ఊళ్లలో ఆ పని చేయగలిగినవి ఈ కొట్లే. యజమాని స్వతంత్రుడే, పైన కంపెనీ ఏమీ లేదు. కానీ అతని అరలో ఏది ఉండాలో పరీక్షల కాలెండరు నిర్ణయిస్తుంది.

ఈ దారిలో పనుల మీద తిరిగినప్పుడల్లా సంచిలో నాలుగు ముస్లిం కథల పుస్తకాలు వేసుకుని ఇలాంటి షాపులు ఎక్కడం నాకు అలవాటు. ఒకాయన అట్ట మీది పేరు కూడబలుక్కుని చదివి, "ఏటండీ ఇది, ఉర్దూ పుస్తకమా? ఉర్దూ సదివేవోళ్లు ఇక్కడ నేరండి" అన్నాడు. అక్షరాలు తెలుగే. ఇంకొకాయన గొంతు తగ్గించి, "సాయిబుగారూ, మతం పుస్తకాలు ఎట్టుకుంటే లేనిపోని గొడవలండి" అన్నాడు. అతని వెనకే అరలో మతం పుస్తకాలు బారుగా ఉన్నాయి. మూడో ఆయన పేరూ చూడలేదు, మతమూ చూడలేదు. పేజీలు గలగలా తిప్పి, "పరీచ్చలకి వస్తాదేటి?" అని అడిగాడు.

ఈ మూడు జవాబులూ ఒకటి కావు. మన రచయితలు సాధారణంగా మూడింటినీ కలిపేసి "పేరు చూసి పక్కన పెట్టేస్తారు" అని ఒకే ఫిర్యాదుగా చెబుతారు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తేలాలంటే అదే షాపులో ఇంకో పుస్తకం అడిగి చూడాలి. కాళీపట్నం రామారావు ఈ జిల్లా మనిషి. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినవాడు. తనకొచ్చిన అవార్డుల డబ్బుతో 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళంలో కథానిలయం తెరిచి, తెలుగు కథలన్నీ ఒక చోట చేర్చే పని 2021లో కన్నుమూసేదాకా చూసుకున్నాడు. ఆ కథానిలయానికి రెండు గంటల బస్సు దూరం లోపల, నేనెక్కిన షాపుల్లో, ఆయన 'యజ్ఞం' కూడా లేదు. అంటే ఇక్కడ మొదటి వెలివేత సాహిత్యానికి. మనది దాని లోపల రెండో వెలివేత.

తేడా ఇంకో చోట ఉంది. కారా మాస్టారు దుకాణంలో లేకపోయినా ఊళ్లో ఉన్నాడు. ఉపాధ్యాయుల మాటల్లో ఉన్నాడు, సంఘాల సభల్లో ఉన్నాడు, ఆయన్ని చూసినవాళ్ల జ్ఞాపకాల్లో ఉన్నాడు. దుకాణం మూసుకున్నా ఆయన కథకి పక్కదారులున్నాయి. మన పుస్తకానికి ఈ ఊళ్లలో ఆ పక్కదారులు లేవు. కథలోని మనుషుల్ని గుర్తుపట్టి చెప్పే పక్కింటివాడు కూడా లేడు. కాబట్టి అందరికీ ఒక వాకిలిగా ఉన్న దుకాణం మనకి ఉన్న ఒక్క వాకిలి.

మొదటి ఆయన జవాబు - "ఉర్దూ పుస్తకమా" అన్నది - మన విమర్శకులు నవ్వి వదిలేయకూడదు. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' తెచ్చినప్పుడు పేరు అచ్చ తెలుగు. ఒంటి మీద పుట్టుకతో వచ్చిన మచ్చ అన్న మాట ఏ కులంవాడికైనా, ఏ మతంవాడికైనా గుచ్చుకుంటుంది. బాబ్రీ మసీదు కూలిన తర్వాతి సంవత్సరాల్లో పేర్లు మారాయి. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్', 2005లో షాజహానా 'నఖాబ్', 2011లో స్కైబాబ 'అధూరే'. అమ్మ నోటి మాటని తెలుగు పుస్తకం అట్ట మీద నిలబెట్టడం ఒక ప్రకటన. ఇది కూడా తెలుగే, మేం మాట్లాడే తెలుగు ఇలాగే ఉంటుంది అని చెప్పడం. ఆ ప్రకటనను వెనక్కి తీసుకోమని నేను అనను. తీసుకుంటే పుస్తకం అరలోకి ఎక్కొచ్చు గానీ మనం దిగిపోతాం.

అయితే అట్టకి ముందు వైపు ఉన్నట్టే వెనక వైపూ ఉంది. ముందు వైపు మన ధిక్కారం ఉంటే వెనక వైపు పాఠకుడికి తోవ ఉండాలి. మన పుస్తకాల్లో చాలావాటి వెనక అట్ట మీద ఉండేది పెద్ద కవి ఇచ్చిన ప్రశంస - అస్తిత్వ వేదన, ఆధిపత్య ధిక్కారం, పరాయీకరణ. ఇవి ముందే మనతో ఉన్నవాళ్లకి అర్థమయ్యే మాటలు. టెక్కలి షాపులో పుస్తకం చేతిలోకి తీసుకున్న ఇంటర్ కుర్రాడికి కావలసింది వేరు. ఈ కథ ఏ ఊరిది, ఎవరింట్లో జరిగింది, ఏం జరిగింది. 'జల్‌జలా' అంటే భూకంపం అని నాలుగు మాటల్లో చెబితే ఆ పేరు అతన్ని ఆపదు, పిలుస్తుంది.

ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' పేరు ఒకసారి చూడండి. దర్గా మనది, మిట్ట నెల్లూరిది, కతలు అందరివీ. ముస్లిం ఇల్లు ఉంది, ఊరు ఉంది, కథ చెబుతానన్న మాట ఉంది. దేన్నీ దాచిపెట్టలేదు, దేన్నీ వివరించడానికి ఆగలేదు. ఆ పుస్తకం మనవాళ్ల గడప దాటి నలుగురిలోకి వెళ్లడానికి హాస్యం ఒక కారణమని అందరూ అంటారు. పేరు కూడా ఒక కారణమని నేనంటాను. దానికి అర్థం - అందరూ హాస్యం రాయాలని కాదు, ఎవరూ బాధ రాయకూడదనీ కాదు. బాధని కూడా ఒక ఊరి పేరుతో, ఒక ఇంటి గుమ్మంతో మొదలుపెడితే తెలియని పాఠకుడు లోపలికి అడుగు వేస్తాడు.

నోటి మాటకి పుస్తకంలో చోటు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది ఈ జిల్లాలోనే, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. ఉత్తరాంధ్ర మాట అచ్చులోకి ఎక్కడానికి ఎంత అవమానం పడిందో ఇక్కడి పాఠకుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. "నేదు", "ఎలిపోనాడు" అన్న మాటల్ని సినిమాలో వెకిలి పాత్రల నోట విని విని చిరాకుపడ్డవాడు "అమ్మీ", "అబ్బా" అన్న మాటల్ని అర్థం చేసుకోలేడని మనమెందుకు అనుకోవాలి? ఖురాన్‌ను స్వాతంత్ర్యం రాకముందే తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు కూడా శ్రీకాకుళం ప్రాంతం మనిషే. ముస్లింలు అతి తక్కువగా ఉన్న నేల నుంచి వచ్చిన ఒక హిందూ పండితుడు ఆ గ్రంథాన్ని తెలుగు పాఠకుడి ముందు పెట్టాలనుకున్నాడు. ఇక్కడివాళ్లకి మన మాట అక్కర్లేదని ముందే తీర్పు చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక ఈ ఊళ్లలోనే ఎందుకన్న ప్రశ్న. శ్రీకాకుళం పట్నంలో 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జుమ్మా మసీదు ఉంది. ఎచ్చెర్ల దగ్గర ఆయన పేరు మీద షేర్ మహమ్మద్‌పురం ఉంది. జనం నోట్లో అది ఎస్.ఎం. పురం అయిపోయి, ఆ రెండు అక్షరాల వెనక ఉన్న మనిషి మాయమయ్యాడు. ఈ జిల్లాలో ముస్లిం సంగతి కూడా సుమారుగా అంతే. మనిషి పోయి రెండు అక్షరాలు మిగిలాయి. కర్నూలులోనో నల్లగొండలోనో పాఠకుడికి పక్కవీధిలో ఒక ముస్లిం ఇల్లు ఉంటుంది. పుస్తకం చెప్పకపోయినా సేమియా గిన్నె చెబుతుంది, పెళ్లి పిలుపు చెబుతుంది, చావు చెబుతుంది. ఉద్దానంలో ఎన్నో ఊళ్లలో ఆ అవకాశం లేదు. అక్కడి కుర్రాడికి ముస్లిం అంటే సినిమాలో విలన్, టీవీ చర్చలో అరుపు, ఫోనులో తిరిగే వీడియో. వీటి ముందు నిలబడి "ఇంకో రకంగా కూడా ఉంటుంది" అని చెప్పగలిగే మనిషి ఆ ఊళ్లో లేడు. అక్కడ పుస్తకమే మనిషి బదులు నిలబడాలి.

ఉద్దానం పాఠకుడికి ఈ బాధ పరాయిది కూడా కాదు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస. పలాస జీడిపప్పు దేశమంతా వెళుతుంది. కానీ బయటివాళ్లకి ఉద్దానం అంటే ఇప్పుడు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు, డయాలసిస్. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటల్ని నేలమట్టం చేసినప్పుడు కొన్నాళ్లు తుపాను గుర్తొచ్చింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైనప్పుడు మళ్లీ జబ్బు గుర్తొచ్చింది. మధ్యలో అక్కడ మనుషులు పెళ్లిళ్లు చేసుకున్నారు, పాటలు పాడుకున్నారు, దెబ్బలాడుకున్నారు. అవి ఎవరికీ పట్టలేదు. ఒక ప్రాంతాన్ని ఒక జబ్బు పేరుతో పిలవడం ఎలా ఉంటుందో తెలిసినవాడికి ఒక సమాజాన్ని ఒక నేరం పేరుతో పిలవడం ఎలా ఉంటుందో వివరించడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ముస్లిం కథకి ఇంత సిద్ధంగా ఉన్న పాఠకుడు ఇంకెక్కడ దొరుకుతాడు?

ఈ నేలకి పుస్తకం కొత్త కాదు. శ్రీకాకుళ ఉద్యమ కాలంలో ఇక్కడికి సాహిత్యం దుకాణం గుండా రాలేదు. బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, ఒడియా ఇంటిపేరున్న మనిషి, తెలుగులో జముకుల కథ కట్టి ఊరూరా పాడాడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేశారు గానీ ఆ పాట ఊళ్లలోనే ఉండిపోయింది. ఆ తర్వాత సభ జరిగిన చోటల్లా నేల మీద దుప్పటి పరిచి పుస్తకాలు అమ్మడం వామపక్ష సంఘాలకి ఆనవాయితీ అయింది. ముస్లిం రచయితల పుస్తకాలు కోస్తా ఊళ్లకి చేరినంత మేరకి చాలావరకు ఆ దుప్పటి మీదుగానే చేరాయి. ఆ రుణం ఒప్పుకోవాలి.

ఒప్పుకుంటూనే ఒక మాట అనాలి. దుప్పటి దగ్గరికి వచ్చేది సభకి వచ్చినవాడు. సభకి రానివాడు దాన్ని చూడడు. పైగా అభ్యుదయ పుస్తక విక్రయశాలల్లో మన పుస్తకానికి ఇచ్చే చోటు "మైనారిటీ" అర. కథల అరలో చాసో, రావిశాస్త్రి, కారా ఉంటారు. మన కథ మాత్రం సమస్యల అరలో ఉంటుంది. కథ కావాలని వచ్చినవాడు అటు వెళ్లడు, సమస్య మీద వ్యాసం రాసేవాడు వెళతాడు. లౌకికవాది మన పుస్తకాన్ని బాధ్యతగా కొంటాడు, చదవడాన్ని వాయిదా వేస్తాడు. ఈ విషయంలో చిన్న ఊరి షాపు మనకి మేలు చేస్తుంది. అక్కడ సాహిత్యానికి ఉండేది ఒకే అర, అదీ మూరెడు. యండమూరి నవల పక్కన, సామెతల పుస్తకం కింద, మన కథల సంపుటి ఏ ముద్రా లేకుండా కూర్చుంటుంది. పట్నంలో మనం పోరాడినా దొరకని సమానత్వం టెక్కలిలో స్థలం లేకపోవడం వల్ల దొరుకుతుంది!

దూరపు ముస్లింని తెలుగు పాఠకుడు గుండెకి హత్తుకున్న ఉదాహరణ కూడా ఉంది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెచ్చిన 'ఏడు తరాలు' తెలుగు ఊళ్లలో ఎంతమంది చేతులు మారిందో వేరే చెప్పక్కర్లేదు. అలెక్స్ హేలీ మూలంలో కుంటా కింటే నమాజు చేసే ముస్లిం. సంకెళ్లతో ఓడ అడుగున పడి ఉన్నప్పుడు అతను పిలిచేది అల్లానే. అతని కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో ఎంతమందికి అది తట్టింది? తట్టకపోవడమే ఆ పుస్తకం గెలుపు. అతను ముందు మనిషిగా వచ్చాడు, అతని నమాజు అతనితో పాటు వచ్చింది. అలా రావడానికి ఆ పుస్తకం ముందు పాఠకుడి చేతికి అందే చోట ఉంది. అదే ట్రస్ట్ 'అధూరే'ని కూడా వేసింది. కుంటా కింటేని చదివిన ఊళ్లకి పక్క జిల్లా ముస్లిం మనిషి ఎందుకు చేరలేదన్నది ఒక్క ప్రచురణకర్తని అడిగి తేల్చుకోగలిగిన ప్రశ్న కాదు. మన మొత్తం పుస్తక వ్యవహారాన్ని అడగాలి.

ఆ వ్యవహారం ఎలా ఉంది? ఐదు వందల కాపీలు వేస్తారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆవిష్కరణ. వంద కాపీలు కవులకీ విమర్శకులకీ ఊరికే వెళతాయి. రచయితలు రచయితలకి ఇచ్చుకుంటారు. మిగిలినవి ఫేస్‌బుక్‌లో నంబరు పెట్టి, ఫోన్‌పేలో డబ్బు వేయించుకుని పోస్టులో పంపుతారు. ఇది తప్పేమీ కాదు, చాలా పుస్తకాలు దీనితోనే బతుకుతున్నాయి. అయితే ఈ దారిలో పుస్తకం చేరేది ముందే మన పేరు తెలిసినవాడికి. తెలియనివాడి కంటపడడం అన్నది దుకాణంలోనే జరుగుతుంది. నోటుబుక్కు కొనడానికి వచ్చి, చిల్లర కోసం ఆగి, పక్కనున్న పుస్తకం తీసి రెండు పేజీలు చదివి అక్కడే పెట్టేసేవాడు ఒకడుంటాడు. అతను కొనకపోవచ్చు. ముస్లిం పుస్తకం నాకొద్దు అని తిరస్కరించవచ్చు. ఆ తిరస్కరించే అవకాశం కూడా ఇవ్వకుండా, తెలుగు సమాజం మమ్మల్ని చదవలేదని ఎలా అనగలం?

దుకాణదారుడి లెక్క కూడా తెలుసుకోవాలి. 150 రూపాయల పుస్తకం మీద మూడో వంతు కమీషన్ అంటే అతనికి 50, రచయితకి 100. ఐదు కాపీలు పోతే అతనికి 250 రూపాయలు. అదే జాగాలో సీజన్లో గైడ్లు చకచకా కదులుతాయి. కాబట్టి అతను డబ్బు పెట్టి మన పుస్తకం కొనాలని అడగడం అన్యాయం. అమ్మితే డబ్బు, అమ్మకపోతే పుస్తకం వెనక్కి అన్న షరతు మీద ఐదు కాపీలు ఇవ్వాలి. పది ఇస్తే బరువు, రెండు ఇస్తే కనిపించవు. చలానా రాసి సంతకం తీసుకోవాలి, మూడు నెలలకి ఒకసారి మనిషి వెళ్లి లెక్క చూసుకోవాలి. లెక్క అడగడానికి ఎవరూ రాని పుస్తకాన్ని దుకాణదారుడు దిక్కులేని పుస్తకంగా చూస్తాడు, అటక ఎక్కిస్తాడు.

జూన్, జులైలలో వెళ్లకూడదు. అప్పుడు అతనికి మొహమెత్తి చూసే తీరిక ఉండదు. ఉద్దానంలో సంక్రాంతికి ముందు వెళ్లాలి. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి, గుజరాత్ రేవుల నుంచి, సైన్యం నుంచి ఊరివాళ్లు ఇంటికొచ్చే రోజులవి. బయట ఊళ్లలో ముస్లింలతో కలిసి పనిచేసి, ఒక గదిలో ఉండి వచ్చినవాళ్లు వాళ్లు. మన కథని గుర్తుపట్టగలిగిన మొదటి పాఠకులు వాళ్లే కావచ్చు.

పేపరు ఏజెంటుని మన రచయితలు ఎందుకు పట్టించుకోరో విలేఖరిగా నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. తెల్లారకముందే తీరం ఊళ్లదాకా కాగితం చేర్చే ఏర్పాటు అతని చేతిలో ఉంది. కమీషన్ లెక్క, వాపసు లెక్క అతనికి కొత్త కాదు. ఏ ఇంట్లో ఎవరు చదువుతారో మనకన్నా అతనికే తెలుసు. పోస్టు సంగతి చూస్తే, చౌకగా పుస్తకాలు చేరవేసిన రిజిస్టర్డ్ బుక్ పోస్టుని 2024 డిసెంబరు 18న ఎత్తేశారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మూడు వందల గ్రాములదాకా 20 రూపాయలు, ఐదు కిలోలకి 100 రూపాయలు, పన్నులు అదనం. ఐదు కాపీల కట్ట విజయవాడ నుంచి పలాస చేరడానికి ఇది పెద్ద ఖర్చేమీ కాదు. ఐదు వందల కిలోమీటర్లు దాటి పుస్తకాల పండగకి రాలేనివాడి దగ్గరికి పుస్తకమే వెళ్లగలదు.

రెండో ఆయన మాట మిగిలింది - "లేనిపోని గొడవలండి" అన్నది. అతన్ని మతతత్వవాది అనేయడం తేలిక. నాకు అతనిలో కనిపించింది భయం. ఎవడో ఒకడు వచ్చి ఈ పుస్తకం ఎందుకు పెట్టావని అడిగితే తన పక్కన నిలబడేవాడు ఎవడూ లేడని అతనికి తెలుసు. సభల్లో లౌకికవాదం మాట్లాడే మిత్రులు ఇక్కడే పనికి రావాలి. టెక్కలిలో ఉన్న మాస్టారు, పలాసలో ఉన్న వకీలు, ఊళ్లో అందరికీ తెలిసిన డాక్టరు ఆ షాపుకి వెళ్లి నలుగురూ చూస్తుండగా ఆ పుస్తకం అడిగి కొంటే, అతని భయం సగం తీరుతుంది. ఇద్దరు అడిగిన పుస్తకాన్ని దుకాణదారుడు మర్చిపోడు. ఒక సంఘీభావ ప్రకటన మీద సంతకం కన్నా ఈ కొనుగోలు విలువైనదని నా నమ్మకం.

దుకాణాల్లో చోటు దొరకనప్పుడు సొంత దుకాణం పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన జాన్ లా రోజ్, సారా వైట్‌తో కలిసి 1966లో లండన్‌లో న్యూ బీకన్ బుక్స్ మొదలుపెట్టాడు. నల్లవాళ్ల పుస్తకాలు అచ్చు వేసి, అమ్మి, 1982 నుంచి 1995 దాకా జరిగిన నల్లజాతి, మూడో ప్రపంచ పుస్తకాల ప్రదర్శనలకి ముందు నిలబడింది ఆ సంస్థ. మనకీ నల్లగొండ నుంచి నసల్ కితాబ్ ఘర్ ఉంది. సొంత ప్రచురణ లేకపోతే 'జల్‌జలా' లేదు, 'వతన్' లేదు. అయితే మనవాళ్లు గుంపుగా ఉన్న చోట సొంత దుకాణం నిలబడుతుంది. మనవాళ్లు లేని చోట పరాయి దుకాణంలో పాతిక సెంటీమీటర్ల అర సంపాదించడమే పని. రెండూ చేయాల్సినవే. మొదటిది చేశాం కాబట్టి రెండోది అక్కర్లేదనుకోవడం కుదరదు.

రచయిత సంచి భుజాన వేసుకుని దుకాణాలు ఎక్కడం నామోషీ అనేవాళ్లు ఉన్నారు. జముకు పట్టుకుని ఊళ్లు తిరిగినవాడి నేల మీద ఆ మాట అనకూడదు. అరలో చోటు కోసం రాతని మెత్తబరచాల్సి వస్తుందని భయపడేవాళ్లూ ఉన్నారు. దుకాణదారుడు లోపలి పేజీలు మార్చమని నన్నెప్పుడూ అడగలేదు. ఇది ఏమిటో చెప్పమన్నాడు, లెక్కకి మళ్లీ వస్తారా అన్నాడు. రెండూ న్యాయమైన ప్రశ్నలే.

మన విమర్శకులు ఇకమీద ముస్లిం పుస్తకం మీద రాసేటప్పుడు వస్తువు, శిల్పం, దృక్పథంతో పాటు "ప్రతులకు" కింద ఉన్న పేర్లు కూడా చదవాలి. హైదరాబాద్, విజయవాడ, రచయిత ఇల్లు - ఈ మూడే ఉంటే ఆ సంగతి సమీక్షలో రాయాలి. ఆ వరసలో కాశీబుగ్గ నోటుబుక్కుల షాపు ఒకటి, టెక్కలి పేపర్ల కొట్టు ఒకటి చేరిన రోజున, మనల్ని ఎన్నడూ చూడని ఒక పిల్లడు మన గురించి మన నోటి నుంచి వింటాడు. నచ్చితే కొంటాడు. నచ్చకపోతే తిరిగి అరలో పెడతాడు. అప్పుడు మనం అతనితో వాదించవచ్చు.